మిగిలిన డబ్బు ఐదో ఏడాదికి దాచండి

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమాస్తాగా చేస్తున్నాను. జీతం 28 వేలు. మా పాపకు ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఊరి బయట ఒక చిన్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. ఫీజు ఏడాదికి 45 వేలు. చిన్న కాలేజీలో చదివితే ఉద్యోగం రాదు, విజయవాడ వైపు పేరున్న కాలేజీలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకోమని బంధువులు అంటున్నారు. డొనేషన్‌తో కలిపి నాలుగేళ్లకు 9 లక్షలవుతుంది. బ్యాంకులో 3 లక్షల డిపాజిట్, నల్లపాడు వైపు 120 గజాల స్థలం ఉన్నాయి. బాబు తొమ్మిదో తరగతి. స్థలం అమ్మి, చాలకపోతే రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేద్దామా?

జవాబు: స్థలం అమ్మొద్దండీ. అప్పు కూడా తేవద్దు. పాపను వచ్చిన సీట్లోనే చేర్పించండి, కానీ ఒక రోజు సెలవు పెట్టి ఆ కాలేజీని చూసి వచ్చాకే.

ముందు వడ్డీ సంగతి. రెండు రూపాయలంటే వినడానికి చిన్నగా ఉంటుంది కానీ అది ఏడాదికి 24 శాతం. 3 లక్షలు తెస్తే నెలకు 6 వేలు వడ్డీకే పోతుంది. నాలుగేళ్లలో 2 లక్షల 88 వేలు కట్టినా అసలు అలాగే ఉంటుంది. డొనేషన్‌కు రసీదు ఇవ్వరు కాబట్టి బ్యాంకు దానికి అప్పు ఇవ్వదు, అందుకే అందరూ బయటి వడ్డీల వైపు వెళ్తారు. అసలు డొనేషన్ తీసుకోవడం మన రాష్ట్రంలో 1983 నుంచి చట్టప్రకారం నేరం. పాప మధ్యలో మానేసినా ఆ డబ్బు తిరిగి అడిగే దారి మీకుండదు.

బంధువుల మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. పెద్ద కంపెనీలు పెద్ద కాలేజీలకే ఎక్కువగా వస్తాయి. చిన్న కాలేజీ పిల్లలు పూల్ డ్రైవ్‌లకు, అంటే పలు కాలేజీలకు కలిపి ఒకేచోట జరిగే ఎంపికలకు వెళ్లాలి, టీసీఎస్ కంపెనీ ఉద్యోగాలకు పెట్టే ఎన్‌క్యూటీ లాంటి పరీక్షలు సొంతంగా రాసుకోవాలి. ఉద్యోగం చేతికి రావడానికి కోర్సు అయ్యాక ఆరు నెలలో, ఏడాదో పట్టవచ్చు. నేను చూసిన చాలా ఇళ్లలో దెబ్బ తగిలేది అక్కడే. ఉన్నదంతా నాలుగేళ్లలో ఊడ్చిపెట్టేసి, ఐదో ఏడాది పిల్లలను హైదరాబాద్ హాస్టల్లో నాలుగు నెలలు కూడా ఉంచలేకపోతారు. అప్పుడు టెన్షన్‌లో ఏ బ్యాక్‌డోర్ ఉద్యోగం ఇప్పిస్తామన్న వాడి చేతిలోనో రెండు మూడు లక్షలు పోస్తారు. మీ ఇంట్లో అలా జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కాబట్టి ఆ 3 లక్షల డిపాజిట్ ఐదో ఏడాదిది. దాన్ని కదపకండి. హాస్టల్, తిండి, తిరుగుడు కలిపి నెలకు 12 వేలు అనుకుంటే ఏడాదికి 1 లక్షా 44 వేలు. ఖర్చులు పెరిగినా సరిపోతుంది. మిగిలినది ఇంటర్ అయ్యాక బాబు పై చదువుకు పనికొస్తుంది.

మరి ఫీజు? నాలుగేళ్లకు 1 లక్షా 80 వేలు. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు, మీ జీతం ఏడాదికి 3 లక్షల 36 వేలు. అందుకే దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. విద్యారుణం తీసుకోండి. 4 లక్షల వరకు బ్యాంకులు తాకట్టు అడగవు, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. కుటుంబ ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉండి, కాలేజీ నాణ్యత చూసి ఇచ్చే న్యాక్ గుర్తింపో, ఆ బ్రాంచి నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపో ఉంటే, చదువుకునే కాలానికీ ఆ తర్వాత ఏడాదికీ వడ్డీ కేంద్ర ప్రభుత్వమే కట్టే పథకం ఉంది. అప్పుకు వడ్డీ పడదు, మీ డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది. లాప్‌టాప్ కూడా ఇందులోనే అడగండి. అన్నీ కలిపి రెండున్నర లక్షలు తీసుకున్నారనుకుందాం. 10 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలకు 4,150 రూపాయల వాయిదా పడుతుంది. మొదటి ఉద్యోగంలో జీతం తక్కువే అయినా పాప కట్టుకోగలదు.

లాప్‌టాప్ మొదటి రోజే కొనక్కర్లేదు. మొదటి సెమిస్టర్‌లో ఎక్కువగా లెక్కలూ సైన్సూ సీ లాంగ్వేజే ఉంటాయి, కాలేజీ ల్యాబ్ సరిపోతుంది. తర్వాత 16 జీబీ ర్యామ్ ఉన్నది చూసి కొనండి. గేమింగ్ మోడల్ అవసరం లేదు.

ఇక కాలేజీ చూసిరావడం. అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా పెట్టుకునే కాలేజీ) కాకపోతే సిలబస్, ప్రశ్నపత్రాలు కాకినాడ జేఎన్‌టీయూవే. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ ఏ అనుబంధ కాలేజీలోనైనా అవే పాఠాలు. తేడా అంతా చెప్పేవాళ్లలో, ల్యాబ్‌లో ఉంటుంది. సాయంత్రం క్లాసులయ్యాక ల్యాబ్ తెరిచి ఉందా? గేటు బయట టీ కొట్టు దగ్గర మూడో ఏడాది, నాలుగో ఏడాది పిల్లలను అడగండి: సార్లు మారిపోతుంటారా, గత బ్యాచ్‌లో ఎవరెవరు ఎక్కడ చేరారు? ఆఫీసులో ఇచ్చే రంగుల పుస్తకం కంటే ఆ పిల్లల మాట నమ్మదగ్గది. వాళ్లు ముఖం తిప్పేసుకుంటే మలి విడత కౌన్సెలింగ్‌లో వేరే కాలేజీకి ఆప్షన్ పెట్టండి. అదీ కుదరకపోతే గుంటూరులోనే బీసీఏ చేసి, ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయడం కూడా మంచి దారే.

పాపతో ఒక్క మాట మాత్రం ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. చాలా కంపెనీలు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) లేకపోవడం చూస్తాయి. చిన్న కాలేజీ అమ్మాయికి అది ఇంకా ముఖ్యం. ఐఐటీ ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటెల్ పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. రెండో ఏడాది నుంచి ఏడాదికి రెండు కోర్సులు పూర్తి చేయమనండి. బీటెక్ తర్వాత ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ రాసి అర్హత సాధించి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) గుర్తింపు ఉన్న కాలేజీలో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 స్టైపెండ్ కూడా వస్తుంది.

ఈ వారంలోనే మీ వార్డు సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టండి. బ్యాంకు అడిగే కాగితాల్లో అదొకటి, అడ్మిషన్ల సమయంలో దానికి రద్దీ ఎక్కువ.