పంటలేసుకోవడం మానేసిన వేసవి

మీ ప్రశ్న: "హిట్లర్ కాలంలో యూనిఫాం వేసుకున్న పిల్లల ఫోటోలు చూశాను. పదేళ్ళ పసివాళ్ళు యుద్ధంలో అంత క్రూరంగా ఎలా తయారయ్యారు? పుట్టుకతోనే అలా ఉంటారా?"

పుట్టుకతో ఎవరూ అలా ఉండరు. అంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పదకొండేళ్ళ వయసులో ఒక పది రోజులపాటు నేనే అలా తయారయ్యాను. అందుకే జర్మనీ కంటే ముందు కోనసీమలో మా పంట కాలవ గురించి చెప్పాలి.

అది 1999, కార్గిల్ యుద్ధం జరుగుతున్న రోజులు. నేను ఐదో తరగతి అయిపోయి హైస్కూల్లో చేరబోతున్నాను. మా వైపు ఎండాకాలం కాలవలు కట్టేస్తారు కదా, అడుగంతా బీటలు వారి, అక్కడక్కడా మడుగులు మిగిలి, పిల్లలందరికీ అదే ఆటస్థలం. ఆ ఏడు క్రికెట్ మానేసి మిలట్రీ ఆట పెట్టాం. కొబ్బరి మట్టలు తుపాకులు, బంకమట్టి ఉండలు బాంబులు. ఎవరు ఇండియా, ఎవరు పాకిస్తాన్ అనేది రోజూ పంటలేసుకుని తేల్చుకునేవాళ్ళం. నేనూ చాలాసార్లు పాకిస్తాన్ అయ్యాను, చచ్చినట్టు పడిపోయి నవ్వుకుంటూ లేచేవాణ్ణి.

గట్టు మీద ఒక టీ పాక ఉండేది. అక్కడ కూర్చుని అందరికీ వినబడేలా పేపరు చదివే పెద్దాయన్ని మేం మావయ్యా అనేవాళ్ళం. మా ఆట చూసి ముచ్చటపడి, ఒకరోజు నన్ను పిలిచి మెడలో విజిల్ వేశాడు. "ఇవాళ్టి నుంచి నువ్వే కెప్టెన్‌వి" అన్నాడు. ఆ తర్వాత మా అందరి వైపూ చూసి, "మరి మీలో పాకిస్తానోడు ఎవడ్రా?" అని అడిగాడు.

ఎవరూ నోరు విప్పలేదు గానీ అందరి కళ్ళూ ఒకడి వైపే తిరిగాయి. వాడి పేరు ఇక్కడ రాయను. వాళ్ళ నాన్న మా ఊరి టైలరు, ఊళ్ళో ఉన్న రెండు ముస్లిం ఇళ్ళలో వాళ్ళది ఒకటి. ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. వాడూ నేనూ ఐదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం, వేమన పద్యాలు నాకంటే వాడికే బాగా వచ్చు.

ఆ రోజుతో పంటలేసుకోవడం ఆగిపోయింది. రోజూ వాడే పాకిస్తాన్.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. వాడి మీద నాకు అప్పటికి కోపం లేదు, ద్వేషం అసలే లేదు. ముందు వచ్చింది పెత్తనం. విజిల్ ఊదితే పదిహేనుమంది ఠక్కున ఆగిపోవడం, నాకంటే పెద్దవాళ్ళు కూడా నా మాట వినడం, సాయంత్రం మావయ్య గాజు జాడీలోంచి బిస్కెట్లు తీసి ముందు నా చేతిలో పెట్టడం, ఆ సుఖం ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. అది రోజూ కావాలంటే రోజూ ఎవడో ఒకడు ఓడిపోవాలి. రోజూ ఒకణ్ణే కొడుతుంటే, వాణ్ణి కొట్టడం న్యాయమేనని మనసుకి సర్దిచెప్పుకోవాలి కదా, అప్పుడు వెతుక్కున్నాను ద్వేషాన్ని. వాడు టీవీలో వార్తలు చూస్తే ఎందుకు చూస్తున్నాడని, చూడకపోతే ఎందుకు చూడట్లేదని. బాబాయ్ అని పిలవడం కూడా మానేశాను.

జూన్ 8న ప్రపంచ కప్పులో మనవాళ్ళు మాంచెస్టర్‌లో పాకిస్తాన్‌ని 47 పరుగుల తేడాతో ఓడించారు. మర్నాడు అందరం రెచ్చిపోయి ఉన్నాం. వాణ్ణి ఖైదీగా పట్టుకుని, కొబ్బరి తాడుతో చేతులు కట్టి, తూములో కూర్చోబెట్టాం. కట్టమన్నది నేనే. మధ్యాహ్నం అందరం అన్నాలకి పోయాం, తిరిగి వెళ్ళలేదు. రేపో ఎల్లుండో నీళ్ళు వదులుతారని ఊళ్ళో అప్పటికే అనుకుంటున్నారు. సాయంత్రం తూములు చూసుకుంటూ వచ్చిన లస్కరు, అంటే కాలవ నీళ్ళు చూసుకునే ఉద్యోగి, వాణ్ణి చూసి కట్లు విప్పాడు.

ఆ సంగతి తెలియగానే నాకు భయం వేయలేదు. అయ్యో అనిపించలేదు. నన్ను అడగకుండా నా ఖైదీని ఎందుకు వదిలేశాడని లస్కరు మీద కోపం వచ్చింది. నా జీవితంలో నన్ను నిజంగా భయపెట్టే జ్ఞాపకం అదే.

అందుకే పెద్దయ్యాక హిట్లర్ పార్టీ పిల్లల కోసం నడిపిన హిట్లర్ యూత్ అనే సంస్థ గురించి చదివినప్పుడు ఆ పిల్లలు నాకు కొత్తవాళ్ళలా అనిపించలేదు. పదేళ్ళకే మగపిల్లల్ని చిన్న విభాగంలో చేర్చుకునేవారు, పరుగు పందెం లాంటి పరీక్షలు నెగ్గితే నడుముకి ఒక కత్తి ఇచ్చేవారు. పిల్లల్ని పిల్లలే నడిపించాలనేది వాళ్ళ సూత్రం, అంటే కాస్త పెద్ద కుర్రాడు చిన్నవాళ్ళ గుంపుకి నాయకుడు. విజిలే అది. 1936 డిసెంబర్ 1న చట్టం చేసి దేశంలోని పిల్లలందరూ ఆ సంస్థ కిందకే వస్తారన్నారు, 1939 మార్చిలో చేరడం తప్పనిసరి చేశారు. కానీ యూదు పిల్లలకి అందులో చోటు లేదు. 1938 నవంబర్‌లో వాళ్ళని ప్రభుత్వ బడుల్లోంచి పూర్తిగా గెంటేశారు. మావయ్య టీ పాకలో అడిగిన ప్రశ్ననే అక్కడ ఒక ప్రభుత్వం ప్రతి తరగతి గదిలోనూ అడిగింది. చివరికి 1945 మార్చిలో, ఓడిపోవడం ఖాయమని తెలిశాక కూడా, హిట్లర్ బెర్లిన్‌లో వరసగా నిలబెట్టిన పిల్లల చెంపలు తడుముతూ మెచ్చుకున్న ఫిల్ము ఉంది, వాళ్ళలో పన్నెండేళ్ళవాడు కూడా ఉన్నాడు. అది చూసినప్పుడల్లా నాకు ఆ బిస్కెట్ల జాడీ గుర్తొస్తుంది.

అందులోంచి బయటపడ్డవాళ్ళూ ఉన్నారు. హాన్స్ షోల్, సోఫీ షోల్ అనే అన్నాచెల్లెళ్ళు చిన్నప్పుడు తండ్రి వద్దంటున్నా ఉత్సాహంగా ఆ సంఘాల్లో చేరినవాళ్ళే. తర్వాత హిట్లర్‌కి వ్యతిరేకంగా కరపత్రాలు పంచారు, 1943 ఫిబ్రవరి 22న ఇద్దరికీ మరణశిక్ష అమలు చేశారు. పిల్లలు తన మాట వినని రోజుల్లో కూడా ఆ తండ్రి ఇంట్లో తన అభిప్రాయం దాచుకోలేదు, వాళ్ళతో వాదించడం మానలేదు. నాకు ఆయన మీద చెప్పలేనంత గౌరవం.

మొన్న 2025 మేలో మళ్ళీ యుద్ధం వార్తలు వచ్చినప్పుడు మా పదేళ్ళవాడు అపార్ట్‌మెంట్ కింద అదే ఆట ఆడుతున్నాడు. ఆట ఆపమనలేదు నేను. పాకిస్తాన్ ఎవరవ్వాలో ఎలా తేల్చుకున్నారని మాత్రం అడిగాను. పంటలేసుకున్నాం అన్నాడు. నాకు టెన్షన్ తగ్గింది, కానీ రోజూ అడుగుతూనే ఉన్నాను.

ఆ రోజు తూములో కూర్చోబెట్టిన మావాడి సంగతి చెప్పలేదు కదూ. ఆ వారంలోనే అమ్మ నన్ను హైస్కూల్ యూనిఫాం కొలతలకి బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మెడలో టేపు, నా మెడలో విజిల్. "కెప్టెన్ గారూ, చేతులు చాచండి" అని నవ్వాడు. "మావాడు చెప్పాడులే, నీ మిలట్రీలో వాడూ ఉన్నాడంటగా. కాస్త భయస్తుడు, చూసుకోరా" అన్నాడు. వాడు మిషన్ వెనక కూర్చుని చొక్కాకి గుండీలు కుడుతున్నాడు. ఆ ఉక్కపోతలో పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. తలెత్తలేదు. నేను చాచిన చేతులు దించలేకపోయాను.

వాడిప్పుడు గల్ఫ్‌లో ఉన్నాడు. కిందటి సంక్రాంతికి ఊరొస్తే ఇరవై ఏళ్ళు పైబడి దాచుకున్నది అడిగాను, ఆ రోజు మీ నాన్నకి నిజం ఎందుకు చెప్పలేదురా అని.

"చెప్తే నీకు కొలతలు ఎలా తీసేవాడ్రా ఆయన?" అన్నాడు.