యూరియాకు కాలిన లాన్: వేపపిండి ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. రిటైరైన టీచర్‌ని. రెండేళ్ల కిందట ఇల్లు కట్టుకుని, ముందు 60 గజాల్లో కడియం నర్సరీ నుంచి తెచ్చిన మెక్సికన్ గడ్డి చాపలు పరిపించాను. మొదటి ఏడాది బాగానే ఉంది. ఈ మే నెలలో గడ్డి పాలిపోతుంటే రెండు కిలోల యూరియా చల్లి నీళ్లు పెట్టాను. వారం తిరిగేసరికి చేటంత మచ్చలు పడి గడ్డి కాలిపోయింది. సిమెంటు నడకదారి పక్కన మాత్రం ఇంకా పసుపుగానే ఉంది. ఇక సేంద్రియ ఎరువులే వాడదామనుకుంటున్నాను. వేపపిండి, ఆముదం పిండి, వర్మీ కంపోస్టు, పశువుల ఎరువు – వీటిలో ఏది, ఎంత, ఎప్పుడు వేయాలి? నెమ్మదిగా పనిచేసే ఎరువులంటున్నారు, ఫలితం ఎన్నాళ్లకు కనిపిస్తుంది? మా ఇంట్లో కుక్క ఉంది, లాన్‌లోనే తిరుగుతుంది.

జవాబు: మాస్టారూ, కుక్క సంగతి మీరు చివర్లో రాశారు గానీ నేను దాంతోనే మొదలుపెడతాను. ఆముదం పిండి మీ లాన్‌లో అసలు వేయొద్దు. ఎరువుగా అది మంచిదే, నత్రజని 4 శాతం పైనే ఉంటుంది, మన దగ్గర తేలిగ్గా దొరుకుతుంది కూడా. కానీ ఆముదం గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. నూనె తీశాక అది పిండిలోనే మిగిలిపోతుంది. ఆ వాసనకు కుక్కలు ఎగబడి తింటాయి. తిన్న కొన్ని గంటలకో, మర్నాటికో వాంతులు, రక్తంతో విరేచనాలు మొదలవుతాయి. దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. ఇప్పటికే బస్తా తెచ్చి ఉంటే కుక్కకు అందని చోట పెట్టి, పొలం ఉన్న బంధువులెవరికైనా ఇచ్చేయండి. ఎముకల పొడి కూడా వద్దు. అది విషం కాదు గానీ, ఆ వాసనకు కుక్క లాన్ అంతా తవ్విపోస్తుంది.

ఇక యూరియా లెక్క చూద్దాం. యూరియాలో 46 శాతం నత్రజని. రెండు కిలోలంటే 920 గ్రాములు. మీ 60 గజాలు సుమారు 50 చదరపు మీటర్లు, అంటే మీటరుకు 18 గ్రాములు పడింది. లాన్ గడ్డికి ఏడాది మొత్తానికి కావలసింది మీటరుకు 10 నుంచి 20 గ్రాములు. మెక్సికన్ గడ్డి జోయిసియా రకం, నెమ్మదిగా పెరిగేది, దానికి ఈ లెక్కలో తక్కువ వైపే చాలు. ఏడాది తిండిని మండుటెండల్లో ఒక్క పూట పెట్టేశారు. గుప్పిళ్లతో చల్లినప్పుడు గింజలు ఎక్కువగా పడిన చోట వేరు చుట్టూ ఉప్పు పెరిగి, వేరులో ఉన్న నీరు కూడా బయటికి లాగేసుకుంటుంది. మీకు చేటంత మచ్చలు పడింది అందుకే. యూరియా చెడ్డదని కాదు మాస్టారూ. 2015 నుంచి మన దేశంలో వ్యవసాయానికి అమ్మే యూరియా దాదాపు అంతా వేపనూనె పూసిందే, పొలంలో దాని పని దానికుంది. మీ విషయంలో మోతాదు తప్పింది, కాలం తప్పింది. ఇది ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది: సేంద్రియమే కదా అని ఇష్టమొచ్చినంత పోసేవాళ్లను కూడా చాలామందిని చూస్తున్నాను.

నడకదారి పక్క పసుపు వేరే జబ్బు. ఒక గడ్డి పరక తెంపి వెలుతురుకు పెట్టి చూడండి. కింది ముదురాకులు ముందుగా, ఆకంతా ఒకే తీరుగా పాలిపోతే అది నత్రజని లోపం. కొత్తగా వచ్చే లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యన పసుపు చారలు కనిపిస్తే ఇనుము అందడం లేదని అర్థం. ఇల్లు కట్టేటప్పుడు పడిన సిమెంటు, సున్నం, ప్లాస్టరు పెళ్లలు నడకదారి పక్కనే పూడిపోయి ఉంటాయి. అవి నేలను క్షారంగా మార్చేస్తాయి. అప్పుడు భూమిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. దీనికి ఎన్ని బస్తాల వేపపిండి వేసినా పసుపు పోదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆ పట్టీ వరకే పిచికారీ చేయండి. పది రోజులు ఆగి మరోసారి కొట్టండి. టైల్స్ మీద, గచ్చు మీద పడితే తుప్పు మరకలు పడతాయి, వెంటనే నీళ్లతో కడిగేయండి. వీలైతే అక్కడ అడుగు వెడల్పున తవ్వి పెళ్లలు ఏరేసి మంచి మట్టి నింపితే జబ్బు మూలంలోనే పోతుంది.

ఎరువు కొనేముందు ఇంకో పని చేయాలి. వంటింటి చాకు తీసుకుని, గడ్డి బాగున్న చోట ఒకటి, పాలిపోయిన చోట ఒకటి అరచేతి వెడల్పున, జానెడు లోతున గడ్డ పెకలించి తీయండి. పక్క నుంచి చూస్తే పైన పచ్చ పరకలు, వాటి కింద గోధుమరంగులో ఎండు కాడల పొర, ఆ కింద మట్టి కనిపిస్తాయి. ఎండు కాడల పొర అర అంగుళం దాటితే పైన చల్లిన పొడి ఎరువు ఆ పరుపు మీదే ఆగిపోతుంది, మట్టికి చేరదు. ఇంకా కిందికి చూడండి. కడియం చాపలు గోదావరి ఒండ్రు మట్టితో వస్తాయి. మీది ఎర్ర చల్కా నేలైతే రెండు మట్టి పొరలు వేరువేరుగా, కేకు ముక్కలాగా కనిపిస్తాయి. వేర్లు పై రెండంగుళాల్లోనే చుట్టలు చుట్టుకుని కింది మట్టిలోకి దిగకపోతే, మే నెలలో పాలిపోవడానికి సగం కారణం అదే. ఎరువు లోపం కన్నా దాహం ఎక్కువన్నమాట.

అందుకే మొదట రంధ్రాలు చేయాలి. నేల తడిగా ఉన్నప్పుడు వేలు లావు ఇనుప ఊచతో జానెడుకొకటి చొప్పున, నాలుగంగుళాల లోతుకు గుచ్చండి. 60 గజాలకు ఒక మనిషి ఒక పూట పని. ఎరువు, గాలి, నీరు ఆ రంధ్రాల్లోంచే కింది మట్టికి దిగుతాయి.

ఇప్పుడు మీరు అడిగిన నెమ్మది సంగతి. వేపపిండిలో నత్రజని మాంసకృత్తుల రూపంలో ఉంటుంది. గడ్డి దాన్ని నేరుగా తీసుకోలేదు. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తిని అమ్మోనియంగా మార్చాలి, ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేటుగా మార్చాలి. ఆ పని నడవాలంటే తడి, వెచ్చదనం రెండూ కావాలి. నేల ఎండితే పని ఆగిపోతుంది. డిసెంబరు, జనవరి చలిలో మందగిస్తుంది, అప్పుడు గడ్డి పెరుగుదల కూడా మందంగానే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. వేపలోని చేదు పదార్థాలు అమ్మోనియం నైట్రేటుగా మారే పనిని కొంత ఆలస్యం చేస్తాయి. నైట్రేటు నీటితో పాటు కిందికి కొట్టుకుపోతుంది, అమ్మోనియం మట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. వానాకాలంలో లాన్‌కు వేపపిండి మేలు అనడానికి అసలు కారణం ఇదే.

తడి, వేడి సరిగ్గా ఉంటే రెండో వారం చివర్లో రంగు తిరగడం మొదలవుతుంది, నెల రోజులకు బాగా తెలుస్తుంది, రెండు మూడు నెలలు నిలుస్తుంది. దయచేసి పది రోజులకే టెన్షన్ పడి రెండో మోతాదు వేయకండి. మొదటిది ఇంకా మట్టిలోనే ఉంటుంది. రెండూ కలిసి ఆగస్టు ముసురులో ఒకేసారి కరిగితే గడ్డి లేతగా, గుబురుగా పెరిగి బూజు తెగుళ్లకు దారి ఇస్తుంది.

మోతాదు ఇలా పెట్టుకోండి. మృగశిర కార్తె వచ్చి ఒకటి రెండు మంచి వానలు పడ్డాక 5 కిలోల వేపపిండిని 25 కిలోల జల్లెడ పట్టిన వర్మీ కంపోస్టుతో కలపండి. రెండు భాగాలు చేసి ఒకటి తూర్పు పడమరలుగా, ఇంకోటి ఉత్తర దక్షిణాలుగా చల్లితే అంతటా సమంగా పడుతుంది. చల్లేటప్పుడు పరకలు పొడిగా ఉండాలి, లేకపోతే పిండి ఆకులకే అంటుకుంటుంది. తర్వాత ఈనెల చీపురుతో మెల్లగా ఊడిస్తే ఎరువు పరకల మధ్యకు, రంధ్రాల్లోకి జారుతుంది. చివర్లో పూర్తిగా తడిసేలా నీళ్లు పెట్టండి. 5 కిలోల వేపపిండిలో నత్రజని 5 శాతం లెక్కన 250 గ్రాములు, అంటే మీటరుకు 5 గ్రాములు. ఒక విడతకు అంతకు మించి వద్దు. సెప్టెంబరులో మళ్ళీ ఇంతే. ఫిబ్రవరి చివర్లో చలి తగ్గాక సగం. ఏప్రిల్, మే నెలల్లో ఏమీ వేయకండి, నీళ్లు మాత్రం పెట్టండి, అదీ తెల్లవారుజామున.

వేపపిండిలో కల్తీ ఎక్కువ. పిడికెడు పిండి గ్లాసు నీళ్లలో వేసి కలిపి కాసేపు వదిలేయండి. అడుగున ఇసుక పేరుకుంటే ఆ బస్తా తీసుకోకండి. అసలైన పిండికి ఘాటైన వేపనూనె వాసన ఉంటుంది. సేంద్రియ గుళికలని ఖరీదైన ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. వాటి మీద నత్రజని శాతం చూసి, కిలో నత్రజని ఎంతకు పడుతుందో లెక్క కట్టండి. మీరు లెక్కలు చెప్పిన మాస్టారో కాదో తెలియదు గానీ, ఆ లెక్క తేలాక చాలామంది వేపపిండికే వస్తారు.

పరిచిన లాన్ మీద పశువుల ఎరువు వేయడం నాకు ఇష్టం లేదు. అందులో నత్రజని అర శాతమే. సరిగ్గా మాగకపోతే గడ్డి గింజలు, వయ్యారిభామ విత్తనాలు, వేరు పురుగులు, చెదలు అన్నీ కలిసి వస్తాయి. వర్షాకాలమంతా కలుపు పీకుతూ కూర్చోవాల్సి వస్తుంది. కాలిన మచ్చల్లో కింద కలపడానికైతే వాడొచ్చు, అదీ పోగు మధ్యలో చెయ్యి పెడితే వేడి తగలకుండా, టీ పొడిలా రాలిపోయే ఎరువైతేనే. వేరుశనగ పిండిలో నత్రజని 7 శాతం దాకా ఉంటుంది గానీ చీమలు, ఎలుకలు వదిలిపెట్టవు. జీవామృతం పోయొచ్చా అని అడిగేవాళ్లున్నారు. పోయండి, నష్టం లేదు, కానీ 200 లీటర్ల డ్రమ్ములో ఉండే నత్రజని చాలా తక్కువ. వేపపిండి బదులుగా అనుకోవద్దు.

మీరు డబ్బు పెట్టనక్కర్లేని ఎరువు ఒకటుంది. లాన్ కోసిన ముక్కలను ఊడ్చి బయట పారేయకండి. అక్కడే వదిలేస్తే గడ్డికి కావలసిన నత్రజనిలో నాలుగో వంతు దాకా వాటి నుంచే తిరిగొస్తుంది. ముక్కలు చిన్నవిగా ఉండాలి, కాబట్టి ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకండి. అంగుళన్నర ఎత్తు ఉంచండి. వానల్లో వారం దాటి కోయకుండా వదిలేసి, పొడుగు ముక్కలు కుప్పలుగా పడితే మాత్రం ఎత్తేయాలి.

కాలిన మచ్చల సంగతి. రెండు మూడు రోజులు బాగా నీళ్లు పట్టి మిగిలిన ఉప్పును కిందికి దించండి. ఎండిన గడ్డి గీకేసి, ఇసుక, వర్మీ కంపోస్టు సమానంగా కలిపి అంగుళం మందాన నింపండి. అంచుల్లో బాగున్న గడ్డి నుంచి వేర్లున్న తీగ ముక్కలు తీసి నాలుగంగుళాలకొకటి నాటండి. మెక్సికన్ గడ్డి తొందరగా పాకదు, మచ్చలు మూసుకోవడానికి ఈ వానాకాలమంతా పడుతుంది. అక్కడ వేపపిండి ఇప్పుడే వేయకండి, సెప్టెంబరు విడతలో చాలు.

లాన్‌లో నాలుగైదు చోట్ల తీసిన మట్టి కలిపి అరకిలో వైరా కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ, జిల్లా భూసార పరీక్షా కేంద్రానికి గానీ ఇవ్వండి. ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు తెలుస్తాయి. మీ బోరు నీళ్లు కూడా ఒక సీసాలో తీసుకెళ్లండి. నీళ్లు ఉప్పగా ఉంటే నేను పైన చెప్పిన మోతాదులను మార్చాలి. నడకదారి పక్క మట్టిని మిగతా దానితో కలపకుండా విడిగా పొట్లం కట్టండి.

ఆగస్టు మొదటి వారంలో మొదట తవ్విన చోటికి పక్కనే మళ్ళీ చాకుతో గడ్డ తీసి చూడండి. తెల్లటి కొత్త వేర్లు రెండు మట్టి పొరల గీత దాటి కిందికి దిగాయో లేదో గమనించి రాయండి. ఫొటో కూడా పంపితే సెప్టెంబరు విడతను ఉన్నది ఉన్నట్టు వేయాలో, తగ్గించాలో అప్పుడు చెబుతాను.