నోట్సులో ‘శవాన్ని ఎక్కడ దాచాలి’ అని రాశాడండీ!

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. రాత్రిళ్లు థ్రిల్లర్ సినిమాలే చూస్తాడు. మొన్న వాడి నోట్సులో ‘శవాన్ని ఎక్కడ దాచాలి’ అని ఉంది. నిలదీస్తే థ్రిల్లర్ డైరెక్టర్ అవుతానన్నాడు. ఆ నోట్సు తీసి బీరువాలో పెట్టేశాను. ఆన్‌లైన్‌లో మూడు నెలల థ్రిల్లర్ స్క్రీన్‌ప్లే కోర్సు ఉందట, చేర్పించమంటారా? క్రైమ్, సైకలాజికల్, స్పై... దేనికి భవిష్యత్తు ఎక్కువ?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీరడిగింది కోర్సు గురించే గానీ, మీ టెన్షన్ అది కాదు. పిల్లాడి బుర్ర పాడవుతోందేమోనని. ఈ మాట చాలామంది తండ్రులు నన్ను చుట్టుతిప్పి అడుగుతారు. 2014లో ‘దృశ్యం’ వచ్చినప్పుడు మీ ఇంటిల్లిపాదీ చూసే ఉంటారు. శవం ఎక్కడ దాచాలో ఎవరో ఒకరు కూర్చుని ఆలోచిస్తేనే కదండీ ఆ కథ పుట్టింది!

నిజానికి మీవాడు సరైన చోటే మొదలుపెట్టాడు. హత్య ఎవరు చేశారో చివరిదాకా దాస్తే అది మిస్టరీ. చేసిందెవరో ముందే చెప్పేసి, దొరికిపోతారేమోనని మనల్ని కూర్చోనివ్వకపోతే థ్రిల్లర్. థ్రిల్లర్లకు పేరుపడ్డ దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని బల్ల కింద బాంబుతో వివరించేవారు. అది హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే తెలిస్తే 15 నిమిషాల ఉత్కంఠ. అన్నట్టు, ఆయన చదివింది లండన్‌లోని ఒక ఇంజినీరింగ్ స్కూల్లో. కేబుళ్ల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, మూకీ సినిమాల్లో తెర మీద మాటలు చూపించే టైటిల్ కార్డులు గీసే పనితో స్టూడియోలో అడుగుపెట్టారు.

ఇక కోర్సు. మూడు నెలల్లో థ్రిల్లర్ నేర్పుతామనే ప్రకటనలంటే నాకు మొదట్నుంచీ గురి లేదు. ఓటీటీ వచ్చాక ఇవి పుట్టగొడుగుల్లా లేచాయి. ట్విస్టులు ఎక్కడ పెట్టాలో ఒక పట్టిక ఇస్తారు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ చూసి కథ వినే నిర్మాత నాకింతవరకూ తగల్లేదు. పాఠం చెప్పేవాళ్లు రాసిన సినిమా ఏదైనా విడుదలైందా అని అడిగి చూడండి. ఆ డబ్బుతో వాడికి నవలలు కొనిపెట్టండి, కోర్టు వాదనలు వినడానికి తీసుకెళ్లండి.

దేనికి భవిష్యత్తు అంటే, ఇంజినీరింగ్ బ్రాంచిలా కటాఫ్ చూసి చెప్పేది కాదిది. స్పై కథకు లొకేషన్లు, యాక్షన్, డబ్బు కావాలి. పోలీసు పరిశోధన కథకు స్టేషన్‌లో పని ఎలా సాగుతుందో తెలియాలి. సైకలాజికల్ కథ ఇద్దరు మనుషులు, ఒక గదితో తీయొచ్చు, కానీ రాయడం అన్నిటికంటే కష్టం. కొత్తవాళ్లకు చిన్న ఖర్చు కథలే దారి. 2016లో ‘క్షణం’ సినిమా అలా వచ్చిందే.

సినిమా పాఠాలు చెప్పే ప్రభుత్వ సంస్థలు పుణే ఎఫ్‌టీఐఐలో, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐలో దర్శకత్వం చదవాలంటే ఎలాగూ డిగ్రీ ఉండాలి. అది ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదు. అంటే మీరు నిర్ణయం తీసుకోవడానికి ఇంకా మూడు నాలుగేళ్ల టైముంది. ఈలోగా వాడు ఫోన్‌తోనే ఐదు నిమిషాల సినిమాలు తీసుకుంటాడు. మనసు మారినా మారొచ్చు.

ఒక్క మాట కటువుగా చెబుతాను. పదిహేడేళ్ల పిల్లాడి రాతలు దొంగచాటుగా చదివి, బీరువాలో పెట్టి తాళం వేయడం ఏం పద్ధతండీ? వాడు ఇకపై రాయడం మానడు, మీకు కనపడకుండా రాస్తాడు. ఆ నోట్సు ఇవాళే ఇచ్చేయండి. వీలైతే శవం ఎక్కడ దాచాడో అడగండి, కథ మొత్తం చెబుతాడు. రాత్రి పదకొండు దాటాక సినిమాలు వద్దంటే మాత్రం నేనూ మీవైపే. పబ్లిక్ పరీక్షలున్నాయి కదా.