బావి మోటారుకి కంట్రోలర్ కడుతున్న మేనకోడలికి

అమ్మడూ,

నరసన్నపేటలో మన బావి మోటారుకి నువ్వే 8051 అనే మైక్రోకంట్రోలర్ చిప్పుతో కంట్రోలర్ కడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆనందం పట్టలేక వీధంతా చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక భయమేసింది.

ఇంటరప్టంటే నడుస్తున్న ప్రోగ్రాంని మధ్యలో ఆపి ఒక చిన్న రొటీన్ నడిపించడం. ఆ రొటీన్లు మొదలయ్యే చిరునామాలే వెక్టర్లు, వాటి మధ్య ఎనిమిదే బైట్ల చోటు, అక్కణ్ణుంచి జంప్ చేసి బయటికెళ్లు. రొటీన్ చివర ఇంటరప్టు నుంచి వెనక్కి పంపే ఆర్‌ఈటీఐ రాయి, మామూలు ఆర్‌ఈటీ కాదు. విలువలు దాచుకునే చోటు స్టాక్, అదెక్కడుందో చూపే స్టాక్ పాయింటర్ రీసెట్లో 07 దగ్గరుంటుంది, పైకి జరుపు. ఇవి నీకు తెలిసినవే.

పాతికేళ్ల కిందట వంశధార అవతల ఒక రైతుకి ఇలాంటి పెట్టె చేసిచ్చాను. కరెంటు రాగానే బావిలో మట్టం ఒక్కసారి చూసి, నీళ్లుంటేనే స్టార్టరు లాగాలి. మట్టంలోంచి హద్దు తీసేస్తే, నీళ్లు తక్కువైనప్పుడు క్యారీ అనే ఫ్లాగు, అంటే లెక్క ఎలా తేలిందో చెప్పే బిట్టు, 1 అవుతుంది. తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అది చూసి మోటారు వెయ్యకుండా ఆగుతుంది. టైమర్ ఇంటరప్టులో సెకండ్లు కూడుతున్నాను గదా అని, కూడిక జరిగే రిజిస్టరు ఏసీసీని స్టాక్‌లో దాచాను. ఫ్లాగులతో పనేముందిలే అని అవి ఉండే పీఎస్‌డబ్ల్యూ రిజిస్టరుని వదిలేశాను.

మూడు నెలలు బాగానే నడిచింది. వానలు మొహం చాటేసిన ఆ ఏడు, ఒక రాత్రి సరిగ్గా ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్ల నడుమ టైమర్ వచ్చిపడింది. దాని కూడిక క్యారీని 0 చేసేసింది. ప్రోగ్రాం నీళ్లున్నాయనుకుంది. ఎండు బావిలో మోటారు తెల్లవార్లూ తిరిగింది. పొద్దున్న నేను వెళ్లేసరికి వైండింగు వార్నిష్ కాలిన కంపు గట్టు దాకా కొడుతోంది. ఆ రైతు నన్ను పల్లెత్తు మాటనలేదు, వాడిపోతున్న నారుమడి వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను మాత్రం వోల్టేజీదే తప్పన్నాను, రిలే మార్చాను. వారం తర్వాత ప్రోగ్రాం లిస్టింగు మీద వేలు పెట్టి లైను లైనూ చదువుతుంటే దొరికింది. రీవైండింగు సొమ్ము నేనే ఇచ్చాను గానీ, ఆయన ముందు అబద్ధమాడింది ఇప్పటికీ కడుపులో మెలిపెడుతుంది.

అందుకే చెబుతున్నాను, రొటీన్లో కాలు పెట్టగానే పుష్ ఏసీసీ, పుష్ పీఎస్‌డబ్ల్యూ. వచ్చేటప్పుడు ముందు పీఎస్‌డబ్ల్యూ, తర్వాత ఏసీసీ స్టాక్ నుంచి వెనక్కి తియ్యి. వరస తప్పితే ఒకదాని విలువ ఇంకోదాంట్లో పడుతుంది. బీ, డీపీటీఆర్ రిజిస్టర్లు వాడితే వాటినీ దాచు. ఆర్0 నుంచి ఆర్7 దాకా రిజిస్టర్లకి వేరే బ్యాంకు, అంటే ఇంకో సెట్టు, తీసుకో; ఏ బ్యాంకో చెప్పే బిట్లు పీఎస్‌డబ్ల్యూలోనే ఉంటాయి కాబట్టి అది తిరిగి రాగానే పాత బ్యాంకూ వచ్చేస్తుంది.

కార్టెక్స్-ఎం రకం చిప్పులు ఇంటరప్టు రాగానే ఎనిమిది రిజిస్టర్లు తామే దాచుకుంటాయని నీ స్నేహితులన్నారట. నిజమే. నీ చేతిలోది తిరిగెళ్లే చిరునామా తప్ప ఇంకేటీ దాచదు తల్లీ.

మొదటి వారం మోటారు బదులు బల్బు కట్టు. మెయిన్ తీసి, ఫ్యూజులు జేబులో వేసుకున్నాకే స్టార్టర్లో చెయ్యి పెట్టు. చీకట్లో ఒక్కదానివీ బావి దగ్గరికి వెళ్లకు, నామీద ఒట్టు. ఆదివారం నేనొస్తాను. లిస్టింగు ప్రింటు తీసి ఉంచు, అరుగు మీద కూచుని ఇద్దరం చదువుదాం.

మీ మావయ్య