గనులు మూతపడ్డ ఊళ్ళో గనుల చదువు

ప్రశ్న: మావాడు మైనింగులో బీటెక్ చేశాడు. మాస్టర్స్‌కి జర్మనీలోని ఫ్రైబెర్గ్ వెళ్తానని పట్టుబట్టాడు. నేను బాయి పని చేసి రిటైరైనవాణ్ణి. ఆ ఊళ్ళో గనులు మూసి యాభై ఏళ్ళు దాటిందట కదా, ఇక అక్కడ ఏం నేర్పుతారండీ? ఆ యూనివర్సిటీ చరిత్ర కాస్త చెప్పండి.
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జవాబు: టెన్షన్ పడకండి, మీవాడు మంచి చోటే ఎంచుకున్నాడు. గనులు 1969లో మూతపడ్డ మాట నిజమే కానీ, రైషె సెషె అనే పాత వెండి గనిని యూనివర్సిటీ తన చేతుల్లో ఉంచుకుంది. పిల్లలు ఇప్పటికీ అందులోకి దిగే నేర్చుకుంటారు.

ఆ ప్రాంతంలో వెండి బయటపడింది 1168లో. ఆ ఊరున్న శాక్సనీ రాజ్యపు పాలకుల ఖజానా శతాబ్దాలపాటు దానిమీదే నడిచింది. 1756 నుంచి 1763 దాకా సాగిన ఏడేళ్ళ యుద్ధంలో రాజ్యం దివాలా తీసింది. గనులను మళ్ళీ నిలబెట్టాలంటే చదువుకున్న మనుషులు కావాలని హైనిట్స్, ఓపెల్ అనే ఇద్దరు అధికారులు చెప్పడంతో 1765లో గనుల అకాడమీ (అదే ఇప్పటి యూనివర్సిటీ) పెట్టారు. అంటే అది అప్పుల్లోంచి పుట్టిన బడి, అందుకే మొదటినుంచీ పని తెలిసినవాళ్ళనే తయారుచేసింది. 1791లో అక్కడ చేరిన హంబోల్ట్, తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న శాస్త్రవేత్త, పొద్దున గనిలో, మధ్యాహ్నం క్లాసులో గడిపేవాడు.

అప్పటి గురువు వెర్నర్ నలభై ఏళ్ళకు పైగా పాఠం చెప్పాడు. రాయి రంగు, మెరుపు, గట్టిదనం చూసి ఖనిజాన్ని గుర్తుపట్టడం ఆయన దగ్గర నేర్చుకోవడానికి యూరప్ నలుమూలల నుంచీ వచ్చేవారు. దాదాపు రాళ్ళన్నీ సముద్రపు నీటి నుంచే ఏర్పడ్డాయన్న ఆయన సిద్ధాంతం మాత్రం తప్పని తేలింది, అగ్నిపర్వతాలు కళ్ళారా చూశాక సొంత శిష్యులే దాన్ని వదిలేశారు. చూసి నమ్మమని నేర్పింది ఆయనే కాబట్టి, నా దృష్టిలో అది కూడా ఆయన గొప్పే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది వింక్లర్ కథ. 1885లో దగ్గర్లోని ఒక గనిలో కొత్త ముడిఖనిజం దొరికితే ఈ కెమిస్ట్రీ ప్రొఫెసర్ పరీక్షించాడు. వందకు 75 పాళ్ళు వెండి, 17 పాళ్ళు గంధకం, కొద్దికొద్దిగా ఇనుము, జింకు, పాదరసం. అన్నీ కూడితే 93 దగ్గరే ఆగింది. మళ్ళీ చేసినా అంతే! ఆ మిగిలిన ఏడు పాళ్ళేమిటో తేల్చాలని నెలల తరబడి కూర్చున్నాడు, 1886 ఫిబ్రవరిలో జెర్మేనియం అనే కొత్త మూలకం దొరికింది. అలాంటి మూలకం ఒకటి ఉండాలని 1871లోనే, మూలకాల ఆవర్తన పట్టిక చేసిన రష్యా శాస్త్రవేత్త మెండెలీవ్ లెక్కగట్టి చెప్పాడు. 1947లో మొట్టమొదటి ట్రాన్సిస్టర్ చేసింది జెర్మేనియంతోనే. టచ్ స్క్రీన్లలో వాడే ఇండియం అనే లోహం కూడా 1863లో ఇక్కడే బయటపడింది.

ఈలోగా వెండి ధర పడిపోయి, 1913లో వెండి గనులు ఆపేశారు. తర్వాత సీసం, జింకు కోసం మళ్ళీ తెరిచి 1969 దాకా నడిపారు. కాలేజీకి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికే ఇనుము, ఉక్కు చదువులో అది ముందుంది. మీవాడు ఐరన్-కార్బన్ డయాగ్రంలో (ఇనుములో కార్బన్ పాలును, వేడిని బట్టి దాని రూపం ఎలా మారుతుందో చూపే పటంలో) చదివిన లెడెబురైట్ అనే రూపం పేరు, ఇక్కడి ప్రొఫెసర్ లెడెబూర్ పేరు మీద వచ్చిందే. 1905లో డాక్టరేట్ ఇచ్చే హక్కు వచ్చింది.

కోర్సు ఏ భాషలో చెబుతారో మాత్రం ముందే కనుక్కోమనండి. అప్లికేషన్ పెట్టేటప్పుడు ఊరి పేరు కూడా చూసుకోవాలి, ఫ్రైబుర్గ్ అని ఇంకో ఊరు, ఇంకో పెద్ద యూనివర్సిటీ ఉన్నాయి.

ప్రశ్న: ప్రపంచంలో మొదటి గనుల కాలేజీ ఇదేనా?
– ఒక విద్యార్థిని, కొత్తగూడెం

జవాబు: ఇప్పటికీ నడుస్తున్నవాటిలో పాతది తామేనని ఫ్రైబెర్గ్ వాళ్ళంటారు. నేటి స్లొవేకియాలోని బాన్‌స్కా ష్టియావ్నిట్సాలో అంతకుముందే గనుల చదువు మొదలైంది కానీ, ఆ అకాడమీ అక్కడ నిలవలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌ది 1773లో వచ్చింది. మన ధన్‌బాద్‌ది 1926.