అరేబియా వ్యాపారం: ఇసుక కంటే ముందు గాలిని చూడాలి

"అరేబియా అంతా ఎడారే కదా, నీళ్లూ పంటలూ లేని చోటి నుంచి వచ్చిన అరబ్బులు, తొలి ముస్లిం రాజ్యాల వర్తకులు అంత దూరాలు వెళ్లి వ్యాపారం ఎలా చేశారు? అందులో భౌగోళిక పరిస్థితుల పాత్ర ఎంత?" అని అడిగారు. ఎడారి గురించీ ఒంటెల గురించీ ఎవరైనా చెబుతారు. నేను ఒమన్‌లోని సలాలాలో ఓడరేవు పని మీద కొన్నేళ్లు ఉన్నాను. అక్కడి సముద్రాన్ని చూశాక, ఈ కథలో మొదటి పాత్ర గాలిదేనని గట్టిగా నమ్ముతున్నాను.

మాది కాకినాడ వైపు. మాకు సముద్రమంటే భయం పుట్టేది అక్టోబరు, నవంబరు తుఫాన్లతో. సలాలాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే కాలాన్ని ఖరీఫ్ అంటారు. నైరుతి గాలికి కడలి ఎగసిపడుతుంటే చిన్న పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. తీరాన్ని ఆనుకున్న కొండలు తుంపర్లతో, పొగమంచుతో పచ్చబడతాయి. ఆ కొండలు దాటి లోపలికి వెళ్లగానే మళ్లీ రాతినేల. లుబాన్ అనే సుగంధపు బంకనిచ్చే చెట్లు బాగా పెరిగేది అక్కడే: వాన నేరుగా పడని, చల్లగాలి మాత్రం తగిలే ఆవలి వైపు. మన సాంబ్రాణిలా నిప్పుల మీద వేసే ఆ బంకను ఇస్లాంకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచే ఒంటెల మీద ఉత్తరానికీ, ఓడల్లో పరదేశాలకూ పంపేవారు.

అదే గాలి ఓడలకు వేళలు నిర్ణయించింది. నవంబరు నుంచి వీచే ఈశాన్య గాలి అరేబియా ఓడలను ఆఫ్రికా తూర్పు తీరానికి దించేది. ఏప్రిల్ దాటాక నైరుతి గాలి వెనక్కి తెచ్చేది. అది ముదిరిన జూన్, జూలై నెలల్లో మలబారు రేవులకు చేరడం ప్రాణాంతకం. 851 నాటి ఒక అరబ్బీ గ్రంథం చైనా దారిని రేవు రేవుగా చెబుతుంది. ఇరాక్‌లోని బస్రా, ఒమన్‌ల సరుకు ముందు ఇరాన్ తీరంలోని సిరాఫ్ చేరేది. గల్ఫ్‌లో కొన్నిచోట్ల లోతు తక్కువ, అలలు ఎక్కువ కాబట్టి పెద్ద ఓడలకు సరుకు అక్కడే ఎక్కించేవారు. తర్వాత మస్కట్‌లో మంచినీళ్లు నింపుకొని, గాలి అనుకూలిస్తే సుమారు నెలకు కొల్లం చేరేవారు.

ఇక కలప. అరేబియాలో ఓడకు పనికొచ్చే మానులు దాదాపు లేవు. టేకు మన పడమటి తీరం నుంచి వెళ్లేది, పలకలను మేకులతో కాకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. 1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర దొరికిన ఓడ అలా కుట్టినదే. అందులో దాదాపు 60,000 చైనా పింగాణీ వస్తువులు ఉన్నాయి. ఒక గిన్నె మీది తేదీ మన లెక్కలో 826. తమ నేల మీద కలప లేనివాళ్ల ఓడలు చైనా దాకా వెళ్లాయంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

గాలి మారేదాకా వర్తకుడు పరాయి రేవులో నెలల తరబడి ఆగాలి. పుస్తకాలు ఈ నిరీక్షణకు తగినంత చోటు ఇవ్వలేదని నా అభిప్రాయం. మలబారులో, తూర్పు ఆఫ్రికాలో అరబ్బులు ఇళ్లు కట్టుకున్నారు, పెళ్లిళ్లు చేసుకున్నారు, మసీదులు వెలిశాయి. సొమ్ము పెట్టేవాడు ఇంటి దగ్గర ఉండి, ప్రయాణం చేసేవాడు లాభంలో వాటా తీసుకునే ముదారబా ఒప్పందం కూడా ఇలాంటి దూరాలకు సరిగ్గా సరిపోయింది.

మక్కా మాట వేరు. పంట పండని లోయ అది. ధాన్యం బయటి నుంచే రావాలి. మక్కా తెగ అయిన ఖురైష్‌ల శీతాకాల, వేసవి ప్రయాణాలను ఖురాన్ ప్రస్తావిస్తుంది. అయితే మక్కా సుగంధ ద్రవ్యాలతో తులతూగిందన్న పాత కథను ఇప్పుడు చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. తోళ్లు, ఉన్ని, పశువుల వంటి మామూలు సరుకే ఎక్కువని వారి వాదన. నాకూ అదే నమ్మదగినదిగా తోస్తుంది.

నన్ను బాగా ఆకట్టుకున్న సంగతి మరొకటి ఉంది. ముస్లింల హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, సౌరమానం కంటే సుమారు 11 రోజులు తక్కువ. అందుకే హజ్ అన్ని ఋతువుల్లోనూ తిరుగుతుంది, గాలి మాత్రం సూర్యుణ్ణి బట్టే వస్తుంది. కాబట్టి నావికులు ప్రయాణ దినాలను పారశీకుల సంవత్సరాది నౌరోజు నుంచి లెక్కపెట్టేవారు. సముద్రం మీదుగా వచ్చే యాత్రికులు కొన్ని ఏళ్లలో హజ్‌కు చాలా ముందే దిగి ఎదురుచూడాల్సి వచ్చేది.

అన్నీ ప్రకృతే నిర్ణయించిందని అనను. 762లో బాగ్దాద్‌ను టైగ్రిస్ ఒడ్డున కట్టడం ఖలీఫా మన్సూర్ నిర్ణయం. ఆ రాజధాని కొనుగోళ్ల వల్లే బస్రా, సిరాఫ్‌లు బలిశాయి. 969లో ఫాతిమీ వంశపు పాలకులు కైరోను స్థాపించాక వ్యాపారం క్రమంగా ఎర్ర సముద్రం వైపు మళ్లింది. 977లో భూకంపం సిరాఫ్‌ను దెబ్బతీసింది. అయితే ఎర్ర సముద్రం ఉత్తర భాగంలో దాదాపు ఏడాదంతా ఎదురుగాలే, పైగా పగడపు దిబ్బలు. అందుకే కైరోకు వెళ్లే సరుకును చాలావరకు మధ్యలోనే, ఆఫ్రికా ఒడ్డునున్న ఐధాబ్ రేవులో దించి, ఒంటెల మీద ఎడారి దాటించి, నైలు నది మీద పడవల్లో పంపేవారు.