జౌగడ, మహేంద్రగిరి ఒకే రోజున వద్దు

నమస్కారం. డెబ్భై దాటిన అమ్మగారితో, పిల్లలతో ఒడిశాలోని బరంపురం నుండి బయలుదేరి, ఉదయం జౌగడ చూసి ఆ రాత్రికే మహేంద్రగిరి మీద టెంటు వేయవచ్చా అని అడిగారు. దయచేసి అలా చేయకండి. జౌగడ బరంపురానికి ఉత్తరాన ఋషికుల్యా నది దగ్గర ఉంది; మహేంద్రగిరి పర్లాకిమిడి వైపు, సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. చీకటి పడ్డాక ఆ ఘాట్ రోడ్డు ఎక్కడం, పైన చలిగాలిలో పెద్దావిడను పడుకోబెట్టడం రెండూ ప్రమాదమే.

మొదటి రోజు జౌగడకే తీరిక ఇవ్వండి. అక్కడి బండపై అశోకుని శాసనాలు బ్రాహ్మీ లిపిలో ఉన్నాయి. అశోకుడు వేరే చోట్ల వరుసగా చెక్కించిన పద్నాలుగు శాసనాల్లో, కళింగ యుద్ధంలోని ప్రాణనష్టాన్ని చెప్పే 13వ శాసనాన్ని, దానితో పాటు 11, 12 శాసనాలను ఇక్కడ చెక్కించలేదు. వాటికి బదులు "మనుషులందరూ నా బిడ్డలే" అని చెప్పే ప్రత్యేక శాసనాలు చెక్కించారు. ఓడిన ఈ కళింగ ప్రజల ఎదుట ఏది చెప్పాలో, ఏది దాచాలో ఆ రాజు ఆలోచించిన తీరును పిల్లలకు ఆ బండ దగ్గరే నిలబెట్టి చెప్పండి.

సాయంత్రానికి దిగపహండి మీదుగా తప్తపాణి చేరండి. గంధకపు వేడినీటి ఊట అమ్మగారి కీళ్లకు హాయినిస్తుంది. ఆవిడకు అక్కడి పాంథనివాస్‌లో (ఒడిశా పర్యాటక సంస్థ వసతి గృహం) గది తీసుకుని, అనుమతి ఇస్తే ఆవరణలోనే టెంటు వేసుకోండి. అడవి అంచున మాత్రం వద్దు. మర్నాడు మోహన మీదుగా పర్లాకిమిడి వెళ్లి రాత్రి లాడ్జిలో ఉండి, మూడో రోజు తెల్లవారాక కొండ ఎక్కి, భీముని గుడి, కుంతి గుడి చూసుకుని మధ్యాహ్నానికల్లా దిగిపోండి.